ఫ్లూ జ్వరంలో లింఫోసైట్లు 24 శాతం నుంచి 6కి పడిపోతే ఏమైనట్టు?

ముందు ప్రశ్న క్లుప్తంగా. కావలిలో ఉండే 46 ఏళ్ల వ్యక్తికి నాలుగు రోజులుగా జ్వరం, పొడి దగ్గు, ఒళ్లునొప్పులు. అడుగుతున్నది ఆయన తమ్ముడు. నాలుగో రోజు ఉదయం చేయించిన సీబీపీలో (రక్తకణాల లెక్క చూపే పరీక్ష) తెల్లకణాలు 3,100, వాటిలో రకాలవారీగా న్యూట్రోఫిల్స్ 62, లింఫోసైట్లు 24, మోనోసైట్లు 13, ఈసినోఫిల్స్ 1 శాతం, ప్లేట్‌లెట్లు 1.12 లక్షలు. స్వాబ్ టెస్టులో ఇన్‌ఫ్లుయెంజా ఎ పాజిటివ్, డెంగీ ఎన్‌ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్‌ను పట్టే టెస్టు) నెగెటివ్. ఆ సాయంత్రం ఇంటి దగ్గరి ఆర్‌ఎంపీ 8 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేసి యాంటీబయాటిక్ బిళ్లలు ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ సీబీపీ చేయిస్తే తెల్లకణాలు 13,400, న్యూట్రోఫిల్స్ 90, లింఫోసైట్లు 6, మోనోసైట్లు 4, ఈసినోఫిల్స్ సున్నా, ప్లేట్‌లెట్లు 1.38 లక్షలు. జ్వరం తగ్గింది, ఆక్సిజన్ 97 ఉంది. కానీ ల్యాబ్‌లో "ఇన్‌ఫెక్షన్ బాగా పెరిగింది, వెంటనే నెల్లూరు తీసుకెళ్లండి" అన్నారట. తీసుకెళ్లాలా, వద్దా?

మీరు రాసినంత వరకే ఉంటే ఈ పూటకి పరిగెత్తాల్సిన పని లేదు. రెండో రిపోర్టులో కనిపిస్తున్నది చాలావరకు ఆ సూది చేసిన పని. అయితే అంతా సూది మీదికే నెట్టేసి ఊరుకోవడానికీ లేదు. ఎందుకో చెప్తాను.

సీబీపీ కాగితంలో అందరి కళ్లూ శాతాల పక్కన ఉండే స్టార్ గుర్తు మీదే పడతాయి. చూడాల్సింది శాతం కాదు, అసలు సంఖ్య. టోటల్ కౌంట్‌ని ఆ శాతంతో గుణించి 100తో భాగిస్తే వస్తుంది. మీ అన్నయ్యగారి మొదటి రిపోర్టులో లింఫోసైట్లు 3,100లో 24 శాతం, అంటే 744. రెండోదానిలో 13,400లో 6 శాతం, అంటే 804. ల్యాబ్ వాళ్లను భయపెట్టిన ఆ 24 నుంచి 6 పతనంలో ఒక్క లింఫోసైటు కూడా కొత్తగా తగ్గలేదు. న్యూట్రోఫిల్స్ 1,922 నుంచి 12,060కి ఎగబాకడంతో వాటి వాటా పెరిగింది, మిగతావాటి వాటా కుంచించుకుపోయింది. మొదటి రిపోర్టులో మోనోసైట్లు 13 శాతం అని స్టార్ పడి ఉంటుంది. లెక్కేస్తే 403, అది మామూలే.

నిజానికి పట్టించుకోవాల్సిన మార్పు మొదటి రిపోర్టులో ఉంది, దానికి స్టార్ పడలేదు. పెద్దవాళ్లలో లింఫోసైట్లు క్యూబిక్ మిల్లీమీటర్‌కు సుమారు 1,000 నుంచి 4,000 వరకు ఉండాలి. శాతంగా 24 అంటే నార్మల్ గడిలోనే పడుతుంది కాబట్టి కంప్యూటర్ ఊరుకుంది. సంఖ్యగా 744 అంటే తక్కువే. ఫ్లూలో ఇది మామూలుగా జరిగేదే. వైరస్ ఊపిరితిత్తుల్లో పడ్డాక లింఫోసైట్లు రక్తం వదిలి అక్కడికీ, లింఫ్ గ్రంథులకూ తరలిపోతాయి. జ్వరం ఒత్తిడికి ఒంట్లో పెరిగే కార్టిసాల్ హార్మోను మరికొన్నిటిని పక్కకు నెడుతుంది. కొన్ని చచ్చిపోతాయి కూడా. ఫ్లూలో ఈ తగ్గుదల మొదటి మూడు నాలుగు రోజుల్లోనే కనిపించి, వారం తిరిగేసరికి కోలుకుంటుంది. కోవిడ్‌లో అలా కాదు. అక్కడ రెండో వారం మొదలయ్యేదాకా దిగుతూ పోవచ్చు, ఎంత దిగితే జబ్బు అంత తీవ్రంగా ఉండే ప్రమాదం. అందుకే రిపోర్టు మీద జ్వరం ఎన్నో రోజో రాసుకోవడం టెస్టు చేయించినంత ముఖ్యం.

ఇక సూది సంగతి. మన న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం రక్తంలో తిరగకుండా రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని ఉంటాయి. సిరంజిలోకి అవి రావు, లెక్కలోకి రావు. స్టెరాయిడ్ పడగానే అవి గోడలు వదిలి ప్రవాహంలోకి వస్తాయి. ఎముక మజ్జలో నిల్వ ఉన్నవి కూడా బయటికొస్తాయి. వచ్చినవి కణజాలంలోకి వెళ్లడం తగ్గుతుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లోనే టోటల్ కౌంట్ పెరగడం మొదలవుతుంది. అదే సమయంలో లింఫోసైట్లు రక్తం నుంచి మజ్జలోకీ గ్రంథుల్లోకీ జారుకుంటాయి, ఈసినోఫిల్స్ దాదాపు మాయమవుతాయి. డెక్సామెథసోన్ ప్రభావం ఒంట్లో రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు ఉంటుంది. మీ రెండో శాంపిల్ ఆ ప్రభావం ఉన్న సమయంలోనే తీసింది.

ఇక్కడే ఎన్‌ఎల్‌ఆర్ గురించి కూడా చెప్పాలి, కోవిడ్ కాలం నుంచి ఇది ఇంటింటి మాట అయింది కాబట్టి. న్యూట్రోఫిల్ సంఖ్యను లింఫోసైట్ సంఖ్యతో భాగిస్తే వచ్చేది. 3.5 దాటితే జాగ్రత్తపడాలన్న లెక్క అప్పట్లో చాలాచోట్ల వాడారు. మీ మొదటి రిపోర్టులో అది 2.6, రెండోదానిలో 15. స్టెరాయిడ్ పడ్డాక ఈ 15కి విలువ లేదు. సూది వేయించుకున్నట్టు డాక్టరుకు చెప్పకపోతే మాత్రం ఈ ఒక్క అంకె చూసే ఐసీయూ దాకా ఆలోచిస్తారు, అందులో వాళ్ల తప్పేం ఉండదు.

జ్వరం తగ్గడం కూడా సూది మాయే కావచ్చు. అందుకే ఆ తగ్గుదలను చూసి నిశ్చింతగా ఉండొద్దు. ఫ్లూలో స్టెరాయిడ్ మామూలుగా ఇవ్వకూడదు. వైరస్ ఇంకా తగ్గకముందే రోగనిరోధకతను అణిచేస్తే వైరస్ ఎక్కువ రోజులు ఉంటుంది, పైన బ్యాక్టీరియా చేరే ప్రమాదం పెరుగుతుంది. కోవిడ్‌లో ఇచ్చారు కదా అంటారు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడింది ఆక్సిజన్ మీదా వెంటిలేటర్ మీదా ఉన్నవాళ్లనే. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు కనబడలేదు. ఆ సగం మాట మన ఊళ్లకు చేరలేదు, సూది మాత్రం చేరింది. రెండో సూది వేయించకండి. ఒక్క మోతాదే కాబట్టి మెల్లగా తగ్గించాల్సిన అవసరమేమీ లేదు. షుగర్ ఉన్నా లేకపోయినా ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడండి, ఈ సూది తర్వాత 250, 300 దాకా పోవడం వింత కాదు.

అంతా సూది మీదికే నెట్టలేమని ముందే అన్నాను. ఫ్లూలో అసలు భయం వైరస్ వెనకాలే వచ్చే న్యుమోకాకస్, స్టాఫిలోకాకస్ న్యుమోనియాలు. ఇవి సాధారణంగా జ్వరం తగ్గి, మనిషి లేచి తిరుగుతూ, మళ్లీ ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య చలితో జ్వరం తిరగబెట్టినప్పుడు బయటపడతాయి. పొడిదగ్గు కాస్తా పసుపు, ఆకుపచ్చ, తుప్పురంగు కఫంగా మారుతుంది. ఊపిరి పీలిస్తే పక్కలో పొడిచినట్టు నొప్పి. అప్పుడు కూడా టోటల్ కౌంట్ 13,000, న్యూట్రోఫిల్స్ 90 అనే వస్తుంది. అంకెలు రెండింటిలోనూ ఒకటే, తేడా స్మియర్‌లో, అంటే గాజుపలక మీద పలచగా పరిచి మైక్రోస్కోపులో చూసే రక్తపు చుక్కలో ఉంటుంది.

కాబట్టి అదే పర్పుల్ క్యాప్ ట్యూబ్‌తో పెరిఫెరల్ స్మియర్ చూడమని అడగండి. కాగితం మీద రెండు విషయాలు రాయించుకోండి: బ్యాండ్ ఫామ్స్ ఎంత శాతం, టాక్సిక్ గ్రాన్యులేషన్ ఉందా లేదా. బ్యాండ్ అంటే ఇంకా ముడులు పడని లేత న్యూట్రోఫిల్, కేంద్రకం గుర్రపునాడాలా వంగి ఉంటుంది. స్టెరాయిడ్ వల్ల పెరిగినప్పుడు వచ్చేవి ఎక్కువగా ముదిరిన న్యూట్రోఫిల్సే, బ్యాండ్లు ఆరు శాతం దాటడం అరుదు. బ్యాక్టీరియా ఉంటే బ్యాండ్లు తరచు 10 దాటతాయి, కణం లోపల ముదురు ఊదా రేణువులు దట్టంగా, అక్కడక్కడ లేత నీలపు మచ్చలు, చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి. ఇది చూడ్డానికి మంచి మైక్రోస్కోపు, పది నిమిషాల ఓపిక చాలు. ఇంకో మాట. న్యుమోనియా ఉండి కూడా తెల్లకణాలు 4,000 లోపే ఉంటే అది శుభం కాదు. మజ్జ చేతులెత్తేస్తోందని అర్థం. ఫ్లూ మీద స్టాఫ్ పడ్డ కేసుల్లో ఇది కనిపిస్తుంది, అలాంటివాళ్లు గంటల్లో దిగజారతారు.

సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే రక్తపరీక్ష) చేయించాలనుకుంటే యూనిట్ చూసి చదవండి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. మొదటిదాంట్లో 60 అంటే రెండోదాంట్లో 6. ఈ పది రెట్ల గందరగోళంతో అనవసరంగా యాంటీబయాటిక్ మింగినవాళ్లు ఉన్నారు, అవసరమై మింగనివాళ్లూ ఉన్నారు. లీటరుకు 20 లోపైతే బ్యాక్టీరియా న్యుమోనియా అవకాశం తక్కువ, 100 దాటితే ఎక్స్‌రే తీయించాల్సిందే. ఈఎస్‌ఆర్ ఇక్కడ దేనికీ పనికిరాదు. వైడాల్ సంగతి చెప్పకపోవడమే మేలు. మన దగ్గర ఏ జ్వరానికైనా దాన్ని ప్యాకేజీలో పెట్టి, 1:80 వస్తే టైఫాయిడ్ అని చేతిలో పెడతారు. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ తేలదు, దానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీసిన బ్లడ్ కల్చర్ కావాలి.

ప్లేట్‌లెట్లు 1.12 లక్షలు, తర్వాత 1.38. వైరల్ జ్వరాల్లో లక్ష చుట్టుపక్కలకు దిగడం మామూలే, పైగా మీది పెరుగుతోంది. రక్తస్రావం లేకపోతే 10,000 లోపు పడేదాకా సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. హాస్పిటళ్ల ముందు బండ్ల మీద కివీ, డ్రాగన్ ఫ్రూట్ కొనడం మీ ఇష్టం, నోటికి బాగుంటాయి. బొప్పాయి ఆకు రసం మాత్రం వాంతులు అవుతున్న మనిషికి పట్టించకండి.

అయితే ఎన్‌ఎస్1 ఒక్కటి నెగెటివ్ వచ్చిందని డెంగీని పూర్తిగా కొట్టేయకండి. అది మొదటి ఐదు రోజుల్లోనే బాగా పట్టుబడుతుంది, ఇంతకుముందు ఒకసారి డెంగీ వచ్చినవాళ్లలో తప్పిపోతుంది కూడా. మన నెల్లూరు, ప్రకాశం వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఫ్లూ, డెంగీ ఒకేసారి తిరుగుతాయి, ఒకే మనిషికి రెండూ రావచ్చు. తేడా పట్టించేది ప్లేట్‌లెట్ల కంటే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. అది మామూలు కంటే 20 శాతం పెరిగితే, ఉదాహరణకు 40 ఉన్నది 48 అయితే, రక్తంలోని నీరు నాళాల బయటికి కారుతోందని అర్థం. ఫ్లూలో అలా జరగదు. ఈ సందేహం తీరేదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు.

పొలాల్లో, తుప్పల్లో తిరిగేవాళ్లయితే స్క్రబ్ టైఫస్ (తుప్పల్లో ఉండే సన్నటి పురుగు కాటుతో వచ్చే జ్వరం) కూడా గుర్తుంచుకోవాలి. నల్లమల అంచున గిద్దలూరు వైపు మేకలు, గొర్రెలు కాసేవాళ్లకైనా, చేలగట్ల మీద గడ్డి కోసేవాళ్లకైనా వస్తుంది. ఇది కూడా జ్వరం, దగ్గు, ప్లేట్‌లెట్లు తగ్గడమే. కానీ జ్వరం ఐదు రోజులు దాటుతుంది, లివర్ పరీక్షలైన ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ పెరుగుతాయి, తెల్లకణాలు తగ్గకుండా మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉంటాయి. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, నడుం పట్టీ దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నొప్పిలేని నల్లటి పొక్కు ఉందేమో బట్టలు విప్పి చూడాలి. అది దొరికితే డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు. వరి మడుల్లో, చేపల, రొయ్యల చెరువుల దగ్గర నీళ్లలో పనిచేసేవాళ్లకు పిక్కల నొప్పి, కళ్లెర్ర, తెల్లకణాలు ఎక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) పెరగడం ఉంటే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం) కోసం చూడాలి. దగ్గు రెండు వారాలు దాటితే, అందులోనూ చీమకుర్తి క్వారీల్లోనో సైదాపురం వైపు మైకా గనుల్లోనో దుమ్ములో పనిచేసిన మనిషైతే, సీబీపీలు ఆపి కఫం టీబీ పరీక్షకు పంపండి.

ఇక శాంపిల్ గురించి. సగం తప్పుడు అంకెలు మెషిన్‌లో కాదు, ట్యూబులోనే పుడతాయి. పర్పుల్ క్యాప్ ట్యూబులో గీత దాకా రక్తం ఉండాలి, తీసిన వెంటనే ఎనిమిది పది సార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. గిలకొట్టకూడదు. సరిగా కలపకపోతే సన్నటి గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుంటాయి, మెషిన్ 60,000 అని చూపిస్తుంది. కొందరి రక్తంలో ఆ ట్యూబులోని ఈడీటీఏ మందుకే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. మనిషి హాయిగా ఉండి ప్లేట్‌లెట్లు హఠాత్తుగా పడిపోయినట్టు వస్తే స్మియర్‌లో గుంపులున్నాయేమో చూడమనండి. ఉంటే నీలం క్యాప్ సిట్రేట్ ట్యూబులో తీసి, వచ్చిన సంఖ్యను 1.1తో గుణించాలి. స్మియర్ అద్దం మీద చేత్తో లెక్కపెట్టే పద్ధతీ ఉంది: ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద ఒక్కో ఫీల్డులో కనిపించే ఒక్కో ప్లేట్‌లెట్‌కు సుమారు 15,000. సగటున ఎనిమిది కనిపిస్తే 1.2 లక్షలు. మెషిన్ అంకె దీనికి దగ్గరగా లేకపోతే మెషిన్‌ని నమ్మొద్దు.

ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే పద్ధతి సౌకర్యమే. కానీ మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో మూడు గంటలు తిరిగిన ట్యూబు నుంచి మంచి స్మియర్ రాదు. స్మియర్ రెండు మూడు గంటల్లోపే పరవాలి. ఆలస్యమైతే న్యూట్రోఫిల్స్ పాడవుతాయి, లింఫోసైట్ల కేంద్రకాలు వంకరపోతాయి. వాటిని చూసి "ఎటిపికల్ లింఫోసైట్స్" అని రాసేస్తే ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండదు. నిజంగా వచ్చిన ఎటిపికల్ లింఫోసైట్లు కూడా భయపడాల్సినవి కావు. వైరస్‌తో పోరాడుతున్న లింఫోసైటు పెద్దదై, నీలిరంగు అంచులతో పక్కనున్న ఎర్రకణాలను హత్తుకుని కనిపిస్తుంది. డెంగీలో, గ్రంథుల జ్వరంలో ఎక్కువగా, కోవిడ్‌లో కొంతవరకు చూస్తాం. "బ్లాస్ట్స్" అని, అంటే మజ్జలోనే ఉండాల్సిన పసి కణాలని రాస్తే మాత్రం వేరు, అది ఆ రోజే హెమటాలజిస్టుకు (రక్త జబ్బుల డాక్టరుకు) చూపించాలి.

చిన్న ల్యాబుల్లో ఉండే, తెల్లకణాలను మూడు గుంపులుగానే లెక్కపెట్టే త్రీపార్ట్ మెషిన్ మోనోసైట్లను, ఈసినోఫిల్స్‌ను విడదీయలేదు, అన్నీ కలిపి "మిడ్" అంటుంది. అలాంటి చోట ఈసినోఫిల్స్ 02, బేసోఫిల్స్ 00 అని ప్రతి రిపోర్టులో అచ్చుపోసినట్టు కనిపిస్తే అది లెక్కపెట్టిన అంకె కాకపోవచ్చు. ఇక చేత్తో 100 కణాలే లెక్కపెడితే 24 శాతం అన్నది నిజానికి 16 నుంచి 33 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. రెండు ల్యాబుల్లో అదే రోజు 24, 29 అని వస్తే గొడవపడాల్సింది లేదు.

హిమోగ్లోబిన్ మీరు రాయలేదు. ఫ్లూ నాలుగు రోజుల్లో దాన్ని 14 నుంచి 9కి దించదు. అంత తేడా వస్తే రక్తం పోతోందా, కణాలు పగిలిపోతున్నాయా అని వెతకాలి. ముందే 9, 10 ఉండి ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 80 లోపు ఉంటే అది చాలావరకు పాత ఐరన్ లోపం, ఈ జ్వరానికి సంబంధం లేదు. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) 37 దాటి, ఎర్రకణాలు మరీ తక్కువగా, ఎంసీవీ పెద్దగా వస్తే రక్తం చల్లబడి ఎర్రకణాలు అతుక్కుని ఉంటాయి. మైకోప్లాస్మా న్యుమోనియాలో ఇది చూస్తాం. ట్యూబును 37 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచి మళ్లీ నడిపితే సర్దుకుంటుంది.

ఇదే ప్రశ్న కింద ఒకరు రెండేళ్ల పాప రిపోర్టు పెట్టి లింఫోసైట్లు 62 శాతం అని కంగారుపడ్డారు. నాలుగైదేళ్ల లోపు పిల్లల్లో లింఫోసైట్లే ఎక్కువ ఉండాలి, అది వాళ్ల నార్మల్. ల్యాబ్ కాగితం మీద ఉన్న రేంజి పెద్దలది. నెలల పిల్లల్లో ఊపిరి తిరగని దగ్గుతో లింఫోసైట్లు 20,000, 30,000 దాటితే మాత్రం కోరింత దగ్గు అనుమానించాలి. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. పిల్లలకు ఫ్లూలో ఆస్పిరిన్ అస్సలు ఇవ్వకూడదు.

మీ అన్నయ్యగారి విషయంలో ఇప్పుడు చేయాల్సింది ఇది. ఎంబీబీఎస్ లేదా ఎండీ డాక్టరుకు ఒకసారి చూపించి ఛాతీ పరీక్ష చేయించండి, యాంటీబయాటిక్ కొనసాగించాలో వద్దో ఆయననే తేల్చమనండి. ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఐదు రోజులు వాడతారు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు, గర్భిణులకు, ఆయాసం ఉన్నవాళ్లకు ఆలస్యమైనా ఇస్తారు, కిడ్నీ బాగోకపోతే డోసు తగ్గిస్తారు. రోజుకు మూడు నాలుగుసార్లు ఆక్సిజన్ చూడండి, గోళ్లరంగు లేని వేలికి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు. కూర్చుని 97 ఉన్నా, ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. 93కో ఇంకా కిందికో జారితే కూర్చున్నప్పటి అంకెకు అర్థం లేదు. 94 కంటే తగ్గినా, నిమిషానికి శ్వాస 24 దాటినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా, తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా సీబీపీ కోసం ఆగకుండా నెల్లూరో ఒంగోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇవేవీ లేకపోతే రేపే మళ్లీ సీబీపీ వద్దు. సూది పడిన మూడు రోజుల తర్వాత, అదే ల్యాబులో చేయించండి. న్యూట్రోఫిల్స్ దిగి, లింఫోసైట్లు 1,000 దాటి, సున్నా ఉన్న ఈసినోఫిల్స్ మళ్లీ ఒకటి రెండు కనిపిస్తే కోలుకుంటున్నట్టే. రెండో మూడో వారంలో ప్లేట్‌లెట్లు 5 లక్షలు దాటినా కంగారు వద్దు, మజ్జ పుంజుకుంటోంది. నాలుగు వారాల తర్వాత ఒక్కసారి చేయించి ఆపేయండి. అప్పటికీ లింఫోసైట్లు 1,000 లోపే ఉంటే హెచ్‌ఐవీ టెస్టుతో మొదలుపెట్టి కారణం వెతకాలి. న్యూట్రోఫిల్స్ 1,500 లోపే ఉండిపోతే, లేదా హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లలో రెండు తక్కువగానే ఉంటే బీ12 చూసి హెమటాలజిస్టుకు చూపించాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా రెండు రిపోర్టులతోపాటు సూది పేరు, మోతాదు, వేసిన తేదీ, టైము ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. ఆర్‌ఎంపీ పేరు బయటికొస్తుందని దాచొద్దు, మందు పేరు చెబితే చాలు.